ఎరిత్రియా స్వావలంబన: ఆనకట్టలు కట్టినా తిండిగింజలు ఎందుకు చాలడం లేదు?

అరండల్‌పేట చర్చ (గుంటూరు) అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. గుంటూరులో నెలనెలా జరిగే మా చర్చావేదికలో ఈసారి ఎరిత్రియా అంశం తీసుకున్నాం. ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. 1961 నుంచి 1991 దాకా ఇథియోపియాతో పోరాడి, 1993లో ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత అధికారికంగా స్వతంత్రమైంది. మా తిండి మేమే పండించుకుంటాం, ఒకరి ముందు చెయ్యి చాపం అన్నది అప్పటి నుంచి ఆ ప్రభుత్వ మాట. 2005లో అమెరికా సహాయ సంస్థను వెళ్లిపొమ్మంది. ఆ వెంటనే ఉచిత ఆహార పంపిణీ ఆపి, పని చేసినవాళ్లకు డబ్బు ఇచ్చే పద్ధతికి మారింది. కొండవాలుల మీద గట్లు వేశారు, చిన్నవీ పెద్దవీ కలిపి వందల ఆనకట్టలు కట్టారు. అయినా మంచి వానలు పడిన ఏడాదిలో సైతం దేశ అవసరంలో 60–70 శాతమే పండుతుందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ చాలాకాలం రాస్తూ వచ్చింది.

మా వేదికలో రెండు వర్గాలయ్యాయి. ఆ దేశాభిమానమే వాళ్లను నిలబెట్టిందని కొందరు, అదే వాళ్ల సేద్యాన్ని ముంచిందని కొందరు. నినాదాల దగ్గరే మాట ఆగిపోతోంది. నీళ్లు, నేల, కూలి, ధర: వీటిలో అసలు చిక్కు ఎక్కడుందో తెలిసినవాళ్లు కొలతలతో సహా చెబితే బాగుంటుంది. మన డెల్టాతోనూ మన మెట్టతోనూ పోల్చి చెబితే వినేవాళ్లకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

బందరు కాలువ (విజయవాడ)

నీళ్ల సంగతి ముందు తేల్చుకుందాం అండి. ఎరిత్రియాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటే, ఇథియోపియా సరిహద్దు వెంట పోయే సెతిత్. గాష్, బర్కా, అన్సెబా నదులన్నీ వాన పడినప్పుడు పారి తర్వాత ఇసుక పాయలుగా మిగులుతాయి. కృష్ణ పరీవాహక ప్రాంతం సుమారు 2,59,000 చదరపు కిలోమీటర్లు. ఎరిత్రియా దేశం మొత్తం కలిపినా సుమారు 1,20,000. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు మన వెనక అంత పెద్ద నది ఉంది, ముందు చదునైన ఒండ్రు నేల ఉంది. వాళ్లకు ఆ రెండూ లేవు. కాబట్టి డెల్టా సేద్యంతో నేరుగా పోల్చడం వాళ్లకు అన్యాయం.

వాళ్ల దగ్గర ఉన్నది వేరే విద్య. రాజధాని అస్మరా చుట్టూ ఉన్న పీఠభూమి రెండు వేల మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ జులై, ఆగస్టుల్లో కురిసిన వాన తూర్పు వాలు మీదుగా కొన్ని గంటల్లో సముద్రం వైపు దూకుతుంది. కింద తీర మైదానంలో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అయినా షీబ్ లాంటి చోట్ల జొన్న పండుతుంది. ఎలాగంటే, వాగుకు అడ్డంగా ఏటవాలుగా 'అగిమ్' అనే తాత్కాలిక కట్ట వేస్తారు. చెట్టు మొద్దులు, తుమ్మ జాతి ముళ్లకంప, రాళ్లు, వాగు మట్టి, ఇవే సరుకు. వరద నీరు ఆ కట్టకు తగిలి పక్క కాలువలోకి మళ్లుతుంది. అక్కడి నుంచి ఎత్తైన గట్లున్న మడుల్లోకి ఒకదాని తర్వాత ఒకటిగా నిండుతుంది.

ఒక్కో తడికి మడిలో అర మీటరు నీళ్లు నిలబెట్టాలి. ఎకరాకు లెక్క కడితే దాదాపు 2,000 ఘనపు మీటర్లు. అలాంటివి రెండు మూడు తడులు అందితే ఒండ్రు నేల లోతుగా తడుస్తుంది. మీటరు లోతు ఒండ్రు మట్టి మొక్కకు అందే నీటిని 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా పట్టుకుంటుంది. జొన్న వేరు రెండు మీటర్లు దిగితే ఆ నిల్వతోనే పంట దాదాపు గట్టెక్కుతుంది. వరదలు తగ్గాక సెప్టెంబరులో విత్తనం పడుతుంది, పైన వాన చుక్క లేకపోయినా నడుస్తుంది. తడి ఆరగానే పైపైన దున్ని పొడి మట్టి పొర చేయడం తప్పనిసరి. ఆ పని వారం ఆలస్యమైతే నేల నెర్రెలిచ్చి లోపలి పదును ఆవిరైపోతుంది. మన మెట్ట రైతు గుంటక తోలేది కూడా ఇందుకే.

ఇక చెడేది ఎక్కడ? అగిమ్ పెద్ద వరదకు తెగిపోతుంది. ఒక్క సీజన్‌లోనే పలుమార్లు మళ్లీ కట్టాలి, ప్రతిసారీ చెట్లు నరకాలి, అడవి పలచబడుతుంది. ఇది చూసి వాది లబా, మాయ్ ఉలే వాగుల మీద అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి అప్పుతో కాంక్రీటు తలకట్టులు (వాగు నీటిని కాలువలోకి మళ్లించే శాశ్వత కట్టలు) కట్టారు. ఇంజనీర్ల లెక్కలోకి రాని విషయం ఒకటుంది. అగిమ్ తెగడం ఆ పద్ధతిలో భాగమే. చిన్న వరద, మధ్యరకం వరద ఎగువ రైతుకు. పెద్ద వరద వస్తే ఎగువ కట్ట తెగి నీళ్లు దిగువ రైతుకు చేరతాయి. పెద్ద వరద మోసుకొచ్చే గులకరాళ్లు, ముతక ఇసుక కూడా అలా వాగులోనే దిగువకు పోతాయి. కాంక్రీటు కట్ట తెగదు. ఎగువ వాళ్లకు ఎక్కువ నీళ్లు, దిగువ వాళ్లకు తగాదా మిగిలాయి. కాలువ మొదట్లో మేట పడితే తీయడానికి మనుషుల బలం చాలదు, యంత్రం కావాలి. యంత్రానికి డీజిలు, విడిభాగాలు విదేశాల నుంచి రావాలి.

మీ చర్చలో ఇది తప్పక చెప్పండి. కంపతో కట్టిన పాత కట్ట ఏ దిగుమతీ లేకుండా నడిచేది. శాశ్వతమని కట్టినదానికి బయటి సరుకు కావలసి వచ్చింది.

మెట్ట సేద్యం (గుంటూరు)

పైన బందరు కాలువ గారు వాగు కింద సేద్యం చెప్పారు. జనం ఎక్కువగా ఉండేది పీఠభూమి మీద, అక్కడ వర్షాధారమే. ఏడాదికి 400–600 మిల్లీమీటర్లు, అదీ చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరులోపే. బార్లీ, గోధుమ, టెఫ్ (సన్న గింజ చిరుధాన్యం), శనగ వేస్తారు. పడమటి పల్లపు ప్రాంతం గాష్-బర్కాలో జొన్న, నువ్వులు. మన మాచర్ల, దుర్గి వైపు మెట్ట చూసినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు.

దేశాభిమానం నేల మీద కనబడేది కొండ గట్లలోనే. 1994 నుంచి సెలవుల్లో విద్యార్థులను కూడా ఈ పనికి పంపారు. ఆ శ్రమ ఎంతో చూడండి. వాలు 3 శాతం ఉంటే గట్టుకు గట్టుకు మధ్య ఎత్తు తేడా సుమారు 90 సెంటీమీటర్లు, అంటే 30 మీటర్లకు ఒక గట్టు. వాలు 10 శాతమైతే ఎత్తు తేడా 1.6 మీటర్లు, 16 మీటర్లకు ఒకటి. హెక్టారుకు దాదాపు 625 మీటర్ల పొడవు గట్టు వస్తుంది. అడుగున 60, పైన 30, ఎత్తు 60 సెంటీమీటర్ల రాతికట్టు వేస్తే సుమారు 170 ఘనపు మీటర్ల రాయి కావాలి. ఒక మనిషి రోజుకు ఒక ఘనపు మీటరు రాయి తెచ్చి పేర్చగలడనుకున్నా ఒక్క హెక్టారుకు 170 పనిదినాలు. రోజు కూలి ఇచ్చి ఈ పని చేయించాలంటే ఏ పేద దేశపు ఖజానాకూ మోయలేని బరువు. వాళ్లు వేల హెక్టార్లలో చేశారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

కానీ గట్టు వేయగానే నీరు నిలవదు. సమతలపు గీత గీయడానికి రెండేసి మీటర్ల కర్రలు రెండు, మధ్యలో అడ్డకర్ర, పైనుంచి తాడుకు వేలాడే రాయి, ఇంతే పరికరం. చట్రాన్ని ఒకసారి నిలబెట్టి తాడు తగిలినచోట గుర్తు పెట్టాలి. కాళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ గుర్తు పెట్టాలి. ఆ రెండింటి నడిమి గుర్తే సమతలం. ఈ సరిచూసుకోవడం మానేసి కంటితో గీస్తే గట్టులో ఎక్కడో పది సెంటీమీటర్లు పల్లం వస్తుంది. మొదటి గట్టి వానకు నీరంతా అక్కడికే చేరి గండి పడుతుంది. ఆ నీరు కింది గట్టు మీద ఒకేచోట పడి దాన్నీ తెంచుతుంది. పైన ఒక్క గండి పడితే కింద వరసంతా పోతుంది. గట్టు చివర రాళ్లు పరిచిన అలుగు లేకపోయినా ఇదే జరుగుతుంది. లోతైన నల్లరేగడిలో సమతలపు గట్లు అసలు పనికిరావు, ఎండకు నేల పగిలి నీరు గట్టు కిందుగా పోతుంది. అక్కడ స్వల్ప వాలుతో గట్టు వేసి నీటిని పక్కకు తీసుకుపోవాలి. నూరు మంది పిల్లలు ఉత్సాహంగా వచ్చినచోట కర్రా తాడూ పట్టుకుని కొలిచే మనిషి ఒక్కడైనా ఉండాలి.

ఇంకో చిక్కు భూమి హక్కు. పీఠభూమి ఊళ్లలో 'దియెసా' అనే పాత పద్ధతి ఉంది. భూమి ఊరందరిదీ, కొన్నేళ్లకోసారి, మామూలుగా 5 నుంచి 7 ఏళ్లకు, మళ్లీ పంచుతారు. అందరికీ భూమి దొరకడం అందులో మేలు. నాలుగేళ్లలో వేరేవాళ్లకు పోయే చెక్కలో రాతిగట్టు బాగు చేయాలని, చెట్టు నాటాలని ఎవరికీ అనిపించకపోవడం అందులో కీడు. 1994 భూమి చట్టం భూమినంతా ప్రభుత్వానిదిగా చేసి రైతుకు జీవితాంతం సాగు హక్కు ఇస్తామంది. ఊళ్లలో ఆ అమలు నత్తనడకన సాగింది. గట్టు వేయడం ఒక నెల పని. దాన్ని ఏటా కాపాడటం రైతు పని, ఆ నేల తనదన్న ధీమా ఉంటేనే చేస్తాడు.

ఆనకట్టల గురించి ఒక్క మాట. పైన కొండ నున్నగా ఉండగా కింద చెరువు కడితే కొన్నేళ్లకే పూడుతుంది. ముందు కొండ తల నుంచి గట్లు, కంచె, గడ్డి, తర్వాత వాగులో రాతి అడ్డుకట్టలు, ఆఖరికి చెరువు. ఈ వరస తిరగబడితే కట్టింది మట్టి పట్టుకునే గొయ్యి అవుతుంది. పైగా అలాంటి ఎండలో తెరిచి ఉన్న నీరు ఏడాదికి రెండు మీటర్ల దాకా ఆవిరైపోతుంది. మూడు మీటర్ల లోతు చెరువులో వేసవికి మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి.

సత్యనారాయణపురం (విజయవాడ)

పెద్దలిద్దరూ సాంకేతికంగా చక్కగా చెప్పారు. కానీ ఆ పట్టుదల ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకపోతే వాళ్లను మొండివాళ్లుగా చూస్తాం. 1952లో ఐక్యరాజ్యసమితి తీర్మానంతోనే ఎరిత్రియాను ఇథియోపియాతో సమాఖ్యగా కలిపారు. 1962లో చక్రవర్తి హైలే సెలాసీ ఆ సమాఖ్యను రద్దు చేసి దేశాన్ని కలిపేసుకుంటే ప్రపంచం చూస్తూ ఊరుకుంది. ఇథియోపియాకు మొదట అమెరికా, తర్వాత సోవియట్ యూనియన్ ఆయుధాలిచ్చాయి. పోరాటకారులకు ఏ పెద్ద దేశమూ అండగా లేదు. సాహెల్ కొండల్లో భూమి కింద ఆసుపత్రి, కర్మాగారాలు నడిపారు, మందులు, ప్లాస్టిక్ చెప్పులు సొంతంగా తయారు చేసుకున్నారు. ఆ చెప్పులకు అస్మరాలో స్మారకం కూడా ఉంది. నక్ఫా అనే కొండ ఊరిని ఏళ్ల తరబడి కాపాడుకున్నారు. 1997లో సొంత డబ్బు తెచ్చినప్పుడు దానికి ఆ పేరే పెట్టారు. ఈ చరిత్ర ఉన్నవాళ్లు ఊరికే వచ్చే బస్తా గోధుమలను అనుమానంగా చూడటంలో తప్పేముంది?

మనం కూడా ఆ అవమానం రుచి చూసినవాళ్లమే. 1956 నుంచి పీఎల్-480 అనే అమెరికా ఆహార సహాయ చట్టం కింద గోధుమ తెచ్చుకున్నాం. 1965, 66 కరువుల్లో ఓడ దిగితేనే కంచంలోకి తిండి వచ్చే స్థితి. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం సరుకును నెలనెలా కొలిచి వదిలింది, మన విదేశాంగ విధానాన్ని చూస్తూ. ఉచిత ధాన్యం ఊళ్లోకి దిగిన సీజన్‌లో స్థానిక జొన్నకు ధర పడిపోతుందన్నది ఎక్కడైనా నిజం. ధర పడితే మరుసటి ఏడాది విత్తేవాడు తగ్గుతాడు. పనికి డబ్బు ఇచ్చే పద్ధతికి మారడం సూత్రంగా సరైనదే.

అభిమానం లేకుండా పైన చెప్పిన 170 పనిదినాల రాతికట్టు ఎవరు కడతారు? దానికి జవాబు చెప్పాకే ఆ విధానాన్ని విమర్శించాలని నా అభిప్రాయం.

లాం రోడ్డు (గుంటూరు)

సత్యనారాయణపురం గారూ, మీరు చెప్పిన చరిత్ర అక్షరాలా నిజం. ఆ పట్టుదల పట్ల నాకూ గౌరవం ఉంది. కానీ మీ పీఎల్-480 ఉదాహరణ మీ వాదనకు ఎదురే తిరుగుతుంది. మనం ఆ ఊబి నుంచి బయటపడింది తలుపులు మూసుకుని కాదు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం కొన్నాం. ఫిలిప్పీన్స్ నుంచి ఐఆర్-8 వరి తెచ్చుకున్నాం. అంతకు ముందే 1965లో భారత ఆహార సంస్థను, వ్యవసాయ ధరల కమిషన్‌ను పెట్టి, పండిస్తే ఈ ధరకు కొంటామని రైతుకు మాట ఇచ్చాం. బయటి విత్తనం, సొంత నీరు, ఖాయమైన ధర, తన పొలంలో తాను నిలబడిన రైతు. ఈ నాలుగూ కలిస్తేనే గాదె నిండింది.

ఎరిత్రియాలో పోయింది ఆ నాలుగోదీ, ధరా. జాతీయ సేవ చట్టం ప్రకారం 18 నెలలే: 6 నెలల సైనిక శిక్షణ, 12 నెలల సేవ. 1998–2000 సరిహద్దు యుద్ధం తర్వాత అది ముగింపు లేనిదైపోయింది. 2002లో వర్సాయ్-యికఆలో పేరుతో అభివృద్ధి పనులకు కూడా అదే జనాన్ని వాడటం మొదలుపెట్టారు. ఇంట్లో కండబలం ఉన్న కొడుకు ఆనకట్ట పని మీదో శిబిరంలోనో ఉంటే, పొలంలో మిగిలేది తల్లి, తాత, చిన్నపిల్లలు. ఎంతోమంది యువకులు ఆ సేవ తప్పించుకోవడానికే సరిహద్దు దాటిపోయారు. అక్కడి బాధను నేను పంట లెక్కలోకి మాత్రమే కుదించడం లేదు, కానీ మన చర్చ పంట గురించి కనుక అదే చెబుతాను.

జొన్నలో దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. ఆ ప్రాంతాల్లో జొన్నకు పెద్ద శత్రువు జొన్నమల్లె. మన దగ్గర పొగాకుకు పట్టే మల్లెలాగా ఇదీ వేరు మీద బతికే పరాన్నజీవి. నేల పైకి కనబడేసరికే లోపల పంట రసం చాలావరకు పీల్చేసి ఉంటుంది. ఒక్కో మొక్క వేలకు వేలు గింజలు రాలుస్తుంది, అవి నేలలో పదేళ్లకు పైగా బతుకుతాయి. పూత రాకముందే చేత్తో పీకి తగలబెట్టాలి, ఆ అదను రెండు మూడు వారాలే. ఆ రోజుల్లో చేతులు లేకపోతే నష్టం ఆ ఏడాదితో పోదు, పదేళ్ల విత్తనం నేలలో పడిపోయినట్టే. అలసంద, నువ్వు, పత్తి లాంటి పంటలతో మార్చి వేస్తే దాని గింజ మొలిచి ఆధారం లేక చస్తుంది. నత్రజని వేస్తే ఉధృతి తగ్గుతుంది. ఒకటి మార్కెట్టుతో ముడిపడి ఉంది, రెండోది దిగుమతితో.

మార్కెట్టు మాటకొస్తే, 2000 దశకం మధ్య నుంచి ప్రైవేటు ధాన్యం వ్యాపారాన్ని బాగా కట్టడి చేశారు. గుంటూరు యార్డులో మిర్చి ధర ఒక్కరోజు తగ్గితే ఎంత గగ్గోలు పుడుతుందో మనకు తెలుసు. కొనేవాడు ఒక్కడే, ధర అతనే చెబుతాడు అన్నప్పుడు రైతు తన కడుపుకు సరిపడా విత్తి ఊరుకుంటాడు. ఆ దేశపు స్వావలంబన అక్కడ తరిగిపోయింది, వాగుల దగ్గర కాదు.

రాతికట్టు ఎవరు కడతారని అడిగారు. జనవరి నుంచి మే దాకా రైతుకు పొలంలో పని తక్కువ. ఆ నెలల్లో తన ఊరి కొండ మీద, కూలి తీసుకుని, తనకు రాసిచ్చిన చెక్క పైన అయితే రైతే కడతాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అతణ్ని పొలంలో వదిలేయాలి.

పటమట పాడి (విజయవాడ)

ఇంటింటి ప్యాకేజీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎరిత్రియా వ్యవసాయ శాఖ చిన్న రైతు కుటుంబానికి ఒక కనీస నమూనా ప్రచారం చేస్తోంది: ఒక మేలుజాతి పాడి ఆవు, 25 కోళ్లు, తేనెపెట్టెలు, కూరగాయల మడి, కాసిని పండ్ల చెట్లు, మేత చెట్లు, వంటచెరకు చెట్లు. కాగితం మీద చక్కని ఆలోచన. పిల్లలకు పాలు, గుడ్డు అందుతాయి, పేడ పొలానికి పోతుంది. దాని వెనక నీళ్లూ మేతా ఎంతో లెక్క వేద్దాం.

పూర్తిగా దాణా మీద పెంచే గుడ్ల కోడి రోజుకు 110–120 గ్రాములు తింటుంది. 25 కోళ్లకు రోజుకు దాదాపు 3 కిలోలు, ఏడాదికి టన్ను పైమాటే. వర్షాధార జొన్న హెక్టారుకు టన్ను కూడా రాని నేల అది. అంటే ఆ కోళ్లు ఒక హెక్టారు పంటకు మించి తినేస్తాయి. అందుకని పెరట్లో తిరిగి ఏరుకు తినే నాటు రకమో, నాటుతో కలిపిన రకమో పెట్టి, సాయంత్రం తలకు 30–40 గ్రాముల గింజ వేయడమే దారి. గుడ్లు తక్కువే పెడతాయి, కానీ ఇంటి గింజతో పోటీ పడవు.

ఆవుకు రోజుకు 25 కిలోల పచ్చిమేత, 5 కిలోల ఎండుమేత, ఒంటికి ఒక కిలో దాణా, ఆ పైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు మరో కిలో. పచ్చిమేత ఏడాదికి 9 టన్నులు. నీళ్లు పొదుపుగా పెట్టిన నేపియర్ గడ్డికి కనీసం 15 సెంట్లు కావాలి. ఆ 15 సెంట్లకు ఎండ రోజుల్లో రోజుకు 3,000 లీటర్ల నీరు పడుతుంది. ఆవు తాగేది మాత్రం 60–80 లీటర్లే. మేత తడపడానికి బావిలో నీళ్లు లేని ఊళ్లో మేలుజాతి ఆవు ఇస్తే మొదటి వేసవికే వట్టిపోతుంది. అలాంటిచోట ఒక ఆవు బదులు నాలుగైదు మేకలు ఇవ్వడం మేలు. అన్ని ఊళ్లకూ ఒకే పట్టీ పంపించే అలవాటు మన దగ్గరి పథకాల్లోనూ ఉంది, అక్కడా అదే దెబ్బ కొడుతుంది.

అరండల్‌పేట చర్చ (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు అండి. మెట్ట సేద్యం గారి రాతికట్టు లెక్క, లాం రోడ్డు గారి జొన్నమల్లె వేదికలో తప్పక చెబుతాను. ఒక్క సందేహం. ఉప్పునీటితో సేద్యం చేశారని, మడ చెట్లు పెంచి మేకలకు మేత వేశారని ఒకరు అన్నారు. అది నిజమేనా? డిమాండు ఉన్న పంట అమ్మి తిండి కొనుక్కోవడం స్వావలంబన కిందకి వస్తుందా?

బందరు కాలువ (విజయవాడ)

మడ చెట్ల సంగతి నిజమే అండి. మస్సావా ఓడరేవు దగ్గర హిర్గిగోలో గోర్డన్ సాటో అనే అమెరికా జీవశాస్త్రవేత్త చేశారు. ఆ తీరంలో మడ చెట్లు ఎప్పుడో ఒకసారి వాగు వరద వచ్చి కలిసేచోటే పెరగడం ఆయన గమనించారు. మంచినీరు కాదు, ఆ నీరు తెచ్చే నత్రజని, భాస్వరం, ఇనుము అసలు అవసరమని తేల్చారు. యూరియా మూడు పాళ్లు, డీఏపీ ఒక పాలు కలిపి అర కిలో ప్లాస్టిక్ సంచిలో కట్టి, మేకుతో మూడు చిల్లులు పొడిచి మొక్క పక్కన పాతించారు. సంచి నుంచి ఎరువు నెమ్మదిగా ఊరుతుంది, సముద్రంలోకి కొట్టుకుపోదు. ఇనుముకు ఇనుప ముక్క చాలు. ఆకు గొర్రెలకూ మేకలకూ వేశారు. ఆకు ఒక్కటే మేపితే తల్లికి పిల్లకు సరిపడా పాలు రావు, కొద్దిగా చేపపొడి కలపాలి.

మన కృష్ణా ముఖద్వారం మడ అడవుల్లో ఇది నేరుగా పనికిరాదు. ఇక్కడ పాడైన చోట్ల చిక్కు ఉప్పు పేరుకోవడం, పోటు నీరు తిరగకపోవడం. అందుకే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి తెస్తారు. మస్సావాలోనే ఉప్పునీటితో రొయ్యలు, సాలికోర్నియా అనే మొక్కతో ఒక పెద్ద కంపెనీ ప్రయోగం కూడా నడిచి, 2003 ప్రాంతంలో మూతపడింది. రెండింటిలో ఊరివాళ్ల చేతికి మిగిలింది చిల్లుల సంచి పద్ధతే.

లాం రోడ్డు (గుంటూరు)

మీ రెండో ప్రశ్నకు నా జవాబు: వస్తుంది. గుంటూరు మిర్చి, పత్తి అమ్మి గోధుమ, కందిపప్పు కొంటుంది. దాన్ని ఎవరూ పరాధీనత అనరు. గాష్ నీటి మీద తెస్సెనై దగ్గర అలిగిదిర్‌లో ఇటాలియన్ల కాలం నుంచి పత్తి పండింది. ఎలాబెరెద్‌లో పండ్ల తోటలు, పాడి ఉండేవి. నువ్వులకు ఇప్పటికీ గాష్-బర్కా నేల మంచిది. 2011 నుంచి బిషా గనిలో బంగారం, ఆ తర్వాత రాగి, జింకు తీసి అమ్ముతున్నారు. విదేశాల్లో ఉన్న ఎరిత్రియన్ల నుంచి ఆదాయంలో 2 శాతం పన్ను కూడా వసూలు చేస్తున్నారు. గని డబ్బుతో గోధుమ కొనడం స్వావలంబనకు మచ్చ కాదని అనుకున్నవాళ్లకు నువ్వుల డబ్బుతో జొన్న కొనడం ఎందుకు మచ్చ అవుతుంది? తేడా ఒక్కటే. గని డబ్బు ప్రభుత్వం చేతికి వస్తుంది, నువ్వుల డబ్బు రైతు చేతికి రావాలి.

సత్యనారాయణపురం (విజయవాడ)

లాం రోడ్డు గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్కదాని మీద మాత్రం గట్టిగా ఉంటాను. అమ్ముకుని కొనుక్కోవడం ఓడరేవు తెరిచి ఉన్నంత కాలమే. 2009 నుంచి 2018 దాకా ఆ దేశం మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నాయి. అవి ప్రధానంగా ఆయుధాల మీదివే అయినా, వ్యాపారం చేసేవాళ్లు భయపడి దూరం జరుగుతారు. అలాంటి దేశం కనీసం ఏడాది తిండికి సరిపడా జొన్న గాదెల్లో పెట్టుకోవాలనుకోవడం వివేకమే. 1832–33 డొక్కల కరువులో గుంటూరు జిల్లా జనంలో మూడో వంతుకు పైగా పోయారు. ఆ తర్వాతే కృష్ణకు ఆనకట్ట వచ్చింది. నిల్వ లేని చోట ధర ఎంతైనా కొనడానికి గింజ ఉండదు.

మెట్ట సేద్యం (గుంటూరు)

నిల్వ మాట వచ్చింది కనుక వేదికలో ఇదీ చేర్చండి. జొన్నను ఏడాది దాటి ఉంచాలంటే గింజలో తేమ 12 శాతానికి దించాలి. పంటి కింద కొరికితే టక్కున విరగాలి, నలగకూడదు. పాతర వేసేచోట నేల రాతిదో గట్టి ఎర్రమట్టిదో అయి ఉండాలి. లోపల గడ్డి కాల్చి గోడలు ఆరబెట్టి, అడుగునా పక్కలా వరిగడ్డి గానీ జొన్నచొప్ప గానీ దట్టంగా పరిచి, గింజ అంచు దాకా నింపాలి. ఖాళీ మిగిలితే ఆ గాలిలో పురుగు బతుకుతుంది. పైన మట్టితో మూసి కొంచెం గుట్టగా చేయాలి, వాన నీరు పక్కకు జారేటట్టు. ఒకసారి తెరిచిన పాతరను మొత్తం ఖాళీ చేయాల్సిందే, సగం తీసి మళ్లీ మూస్తే మిగతాది ముక్కిపోతుంది. కాబట్టి ఊరికి ఒక పెద్ద పాతర కంటే కుటుంబానికి మూడు నాలుగు నెలలకు సరిపోయే చిన్నవి నాలుగు వేయడం మంచిది. తెరిచేటప్పుడు మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసి, అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి.